‘ఇంద్రధనుస్సు’ అని చదివిన యంత్రం

బర్మా భాషలో రాసిన ఆ ఫేస్‌బుక్ పోస్టు చాలా చిన్నది. మయన్మార్‌లో కనిపించిన ‘కలా’నల్లా చంపేయండి, ఒక్కణ్ని కూడా ప్రాణాలతో వదలొద్దు అని దాని సారాంశం. పోస్టు కింద అనువాదం చూపించే మీట ఒకటి ఉండేది. అది నొక్కితే ఫేస్‌బుక్ యంత్రం ఇంగ్లిష్‌లో చెప్పిన అర్థం వేరు: ‘మయన్మార్‌లో నాకు ఇంద్రధనుస్సు ఉండకూడదు’. 2018 ఆగస్టులో రాయిటర్స్ వార్తాసంస్థ ఈ సంగతి బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే కంపెనీ బర్మా భాషకు ఆ మీటను తీసేసింది. అప్పటికి ఏడు లక్షల మందికి పైగా మయన్మార్ ముస్లింలైన రోహింగ్యాలు ఇళ్లూ పొలాలూ వదిలి బంగ్లాదేశ్ చేరి ఏడాది కావస్తోంది.

పోస్టులోని విషమంతా ‘కలా’ అన్న రెండక్షరాల్లో ఉంది. పడమటి దిక్కు నుంచి, సముద్రం అవతల నుంచి వచ్చినవాళ్లను అనడానికి పుట్టిన మాట అది. రానురాను భారత సంతతివారికి, ముఖ్యంగా ముస్లింలకు తగిలించే తిట్టుగా మారింది. అయితే బర్మీయుల రోజువారీ మాటల్లోనూ అది అడుగడుగునా తగులుతుంది. వాళ్ల భాషలో కుర్చీ అంటే కలా కూర్చునేది. శనగలు కలా పప్పు. ఒంటె పేరు కూడా కలాతోనే మొదలవుతుంది. 2017లో ఫేస్‌బుక్ ఈ మాటను నిషిద్ధ పదాల్లో చేర్చినప్పుడు జరిగిన తమాషా అంతా ఇంతా కాదు. శనగపప్పు గురించి రాసినవాళ్ల పోస్టులు ఎగిరిపోయాయి. కుర్చీల ఊసెత్తినవాళ్లకూ అదే గతి. ఆ మాట ఎందుకు వాడకూడదో వివరంగా చర్చించినవాళ్ల రాతలను కూడా యంత్రం ఊడ్చేసింది. శనగపప్పును పట్టుకున్న ఆ కంపెనీ యంత్రాలకే, మనుషుల్ని చంపమన్న పిలుపు ఇంద్రధనుస్సులా కనపడింది.

ఎక్కడో పరాయి దేశపు తిట్టు, మనకేం పట్టింది అనుకోవడానికి వీల్లేదు. వందేళ్ల కిందట అది పడింది తెలుగువాళ్ల మీద.

కాకినాడ పక్కనున్న కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు. 1839 నవంబరు తుపానుకు ఊరు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పేరు మాత్రం ఓడలెక్కి రంగూన్‌లో స్థిరపడింది. ఇప్పటి శ్రీకాకుళం నుంచి వెళ్లినా, విశాఖ నుంచి వెళ్లినా, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినా తెలుగు కూలీ అక్కడ ‘కోరంగీ’యే. మన తీరప్రాంతంలో ‘రంగం వెళ్లడం’ అంటే పొట్ట చేతపట్టుకుని బర్మా ఓడ ఎక్కడం. రేవులో బస్తాలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం, వీధులు ఊడవడం, పాకీ పని. రంగూన్ నగరానికి కావలసిన బండచాకిరీ అంతా మేస్త్రీల అజమాయిషీలో ఈ కూలీలే చేశారు. 1931 జనాభా లెక్కలప్పుడు ఆ నగరంలో సగం కంటే ఎక్కువ మంది భారతీయులే.

1930 మే నెలలో కోరంగీ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల సరుకు దించే కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మీయులను దింపాయి. కొద్దిరోజులకు రాజీ కుదిరి తెలుగువాళ్లు పనిలోకి రాగానే, ఇక మీతో పనిలేదని బర్మీయులను పంపేశాయి. మే 26 ఉదయం రేవు దగ్గర మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వంద మందికి పైగా చచ్చిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలు. ఇద్దరితోనూ బేరమాడి లాభం చూసుకున్న కంపెనీల జోలికి ఎవరూ పోలేదు.

ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ. ఈసారి నెపం ఒక పుస్తకం. బౌద్ధాన్ని కించపరిచేలా ఒక ముస్లిం రచయిత రాసిన ఆ పుస్తకం 1931లోనే అచ్చయింది. ఏడేళ్లపాటు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 1938లో అది మళ్లీ వెలుగులోకి వచ్చాక రంగూన్‌లోని బర్మా భాషా పత్రికలు అందుకున్నాయి. సంపాదకీయాలు, లేఖలు, కోపాలు. జులై 26న ష్వెడగోన్ పగోడా దగ్గర పెద్ద సభ జరిగింది, అక్కడి నుంచి ఊరేగింపు బయల్దేరింది, ఊరేగింపు కాస్తా దాడులయింది. దాదాపు రెండు వందల మంది చనిపోయారు. తర్వాత వేసిన విచారణ సంఘం భూమి సమస్యను, అప్పులను, వలసలను, రాజకీయాలను అన్నింటినీ తరచి చూసింది. మంటను ఎగదోసిన పత్రికలను పేరుపేరునా తప్పుపట్టింది.

1941 డిసెంబరులో జపాన్ విమానాలు బాంబులు వేయడం మొదలుపెట్టాక లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు దాటుకుంటూ అస్సాం వైపు కాలినడక పట్టారు. దారిలో పోయినవాళ్లకు లెక్క లేదు. 1964లో నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక ఇంకో విడత వచ్చారు. విశాఖపట్నంలో ‘బర్మా క్యాంపు’ అన్న పేటకు ఆ పేరు అలా వచ్చిందే.

ఫేస్‌బుక్ లేకుండానే ఇంత జరిగింది కదా, మరి ఇప్పుడు దాన్ని ఆడిపోసుకోవడం దేనికి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ద్వేషాన్ని ఫేస్‌బుక్కే కనిపెట్టిందన్నట్టు మాట్లాడేవాళ్లకు ఈ చరిత్ర అడ్డుపడుతుంది. రోహింగ్యాలను పౌరులుగా లెక్కలోంచి తీసేసిన చట్టం 1982 నాటిది. 2012 జూన్‌లో, మళ్లీ అక్టోబరులో రఖైన్ రాష్ట్రంలో జరిగిన హింసలో లక్షా నలభై వేల మంది నిరాశ్రయులయ్యారు. అప్పటికి ఆ దేశంలో ఇంటర్నెట్ ముఖం చూసినవాళ్లే బహు తక్కువ. సైన్యం ఉంది, తుపాకులు ఉన్నాయి, పాత పగలు ఉన్నాయి.

కాబట్టి చూడవలసింది ద్వేషం ఎక్కడ పుట్టిందన్నది కాదు. 1931 నాటి పుస్తకం రోడ్డెక్కడానికి ఏడేళ్లు పట్టింది. రోడ్డెక్కే ముందు అది సంపాదకుల బల్లల మీదుగా, ముద్రాపకుల చేతులమీదుగా పోవాల్సి వచ్చింది. ఎక్కడో ఒకచోట ఒకడు ‘ఇది వద్దులే’ అని పక్కన పెట్టడానికి వ్యవధి ఉండేది. ఆ వ్యవధి ఇప్పుడు ఏమైందన్నదే లెక్క తేలాల్సిన విషయం.

మయన్మార్‌లో టెలిఫోన్లు ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉన్నంతకాలం ఒక సిమ్ కార్డు కొనాలంటే వందల డాలర్లు, ఒక దశలో వెయ్యికి మించి పోయాల్సి వచ్చేది. 2014లో ఊరెడూ, టెలినార్ అనే రెండు విదేశీ కంపెనీలు వచ్చి అదే సిమ్‌ను డాలరున్నరకు అమ్మాయి. జనం ఎగబడి కొన్నారు. చేతికొచ్చిన చవక ఫోన్‌లో దుకాణంవాడే ఫేస్‌బుక్ పెట్టి, ఖాతా కూడా తెరిచి ఇచ్చేవాడు. ఈమెయిలు లేదు, గూగుల్ వెతుకులాట లేదు, వార్తాపత్రిక అలవాటు లేదు. అర్ధశతాబ్దం సెన్సార్ చీకట్లో ఉన్న జనానికి ఒక్కసారిగా కిటికీ తెరుచుకుంది. దానికి ఉన్నది ఒకటే రెక్క, దాని పేరు ఫేస్‌బుక్. 2018 నాటికి అయిదు కోట్ల పైచిలుకు జనాభాలో కోటీ ఎనభై లక్షల ఖాతాలు.

ఆ కిటికీ ముందు మొదట వచ్చి నిలబడ్డవాళ్లలో మాండలేకు చెందిన విరాతు అనే బౌద్ధ భిక్షువు ఒకడు. మతవిద్వేషం రెచ్చగొట్టినందుకు 2003లో జైలుకు వెళ్లి 2012లో క్షమాభిక్షతో బయటికొచ్చాడు. ముస్లిం దుకాణాల్లో ఏమీ కొనొద్దని చెప్పే 969 ఉద్యమానికి ముఖమయ్యాడు. 2013లో టైమ్ పత్రిక అతని ముఖాన్ని అట్టమీద వేసింది. అంతకు ముందు అతని ఉపన్యాసాలు సీడీలుగా బజార్లలో తిరిగేవి. ఫేస్‌బుక్ వచ్చాక సీడీలతో పని లేకపోయింది.

2014 జులై మొదటి వారం. మాండలేలో ఒక టీ దుకాణం యజమానులైన ముస్లింలు తమ దగ్గర పనిచేసే బౌద్ధ యువతిపై అత్యాచారం చేశారని ఒక పోస్టు వచ్చింది, దుకాణం పేరుతో సహా. విరాతు దాన్ని తన పేజీలో పెట్టాడు. చూస్తుండగానే కర్రలు, కత్తులు పట్టుకున్న గుంపు ఆ దుకాణం మీదికి వచ్చింది. అల్లర్లలో ఇద్దరు చనిపోయారు, ఒకరు బౌద్ధుడు, ఒకరు ముస్లిం. ఫేస్‌బుక్‌ను ఎలా పట్టుకోవాలో అధికారులకు తెలియలేదు. కంపెనీకి అక్కడ ఆఫీసు లేదు, తలుపు తట్టడానికి మనిషి లేడు. ఎవరి ద్వారానో కబురు పెట్టి చూసి, చివరికి ఫేస్‌బుక్‌ను తాత్కాలికంగా ఆపేశారు. ఊరు చల్లబడింది. అత్యాచారం ఫిర్యాదు అల్లినదని తర్వాత తేలింది, అల్లినవాళ్లకు శిక్షలూ పడ్డాయి. ఏడేళ్లు పట్టిన పని రోజుల్లో అయిపోయింది.

ఇక్కడ కంపెనీ లెక్క ఒకటి చూడాలి. 2017 నుంచి ఫేస్‌బుక్‌లో ఒక పోస్టుకు వచ్చే లైకును ఒక పాయింటుగా లెక్కిస్తే, కోపం బొమ్మను అయిదు పాయింట్లుగా లెక్కించేవారు. నవ్వుకూ, ఏడుపుకూ, హృదయానికీ అంతే. పాయింట్లు ఎక్కువైన పోస్టు ఎక్కువమందికి కనిపిస్తుంది. కోపం బొమ్మలు ఎక్కువగా రాబట్టే పోస్టుల్లోనే అబద్ధాలు, బూతులు, పనికిమాలిన సమాచారం ఎక్కువని కంపెనీ సొంత నిపుణులే 2019లో తేల్చారు. కోపం విలువను సున్నా చేయడానికి 2020 సెప్టెంబరు దాకా ఆగారు. ఊళ్లో దండోరా వేసేవాడికి ఎంత గట్టిగా అరిస్తే అంత కూలి అని చెప్పి, ఏం అరుస్తున్నాడో మాత్రం వినకపోవడం లాంటి ఏర్పాటు ఇది.

2017కు ముందు కూడా ఈ స్పందనల లెక్క మంచివాళ్లను సైతం వదల్లేదు. రాజకీయ ఖైదీగా జైల్లో ఉండి వచ్చిన బ్లాగరు నే ఫోన్ లాట్, మిత్రులతో కలిసి 2014లో ‘పన్‌జగార్’ అనే ఉద్యమం మొదలుపెట్టాడు. ‘పూలమాట’ అని దాని అర్థం. నోట్లో పువ్వు పెట్టుకుని ఫొటో దిగడం, ద్వేషం నింపిన పోస్టు కింద పువ్వు పట్టుకున్న బొమ్మను అంటించడం. ఫేస్‌బుక్ కూడా ముచ్చటపడి ఆ బొమ్మలను స్టిక్కర్లుగా తయారుచేసి ఇచ్చింది. జనం అంటించారు. యంత్రం లెక్కలో మాత్రం స్టిక్కరు కూడా ఒక స్పందనే. పూలబొమ్మ అంటించిన ప్రతి విషపు పోస్టూ మరికొంత మందికి కనిపించింది. ఈ సంగతిని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2022 నివేదికలో నమోదు చేసింది.

సైన్యం చేసిన పని అంతకంటే ముదురు. రాజధాని నేపిడా దగ్గరి కొండపాదాల స్థావరాల్లో దాదాపు ఏడు వందల మందిని ఇదే ఉద్యోగంలో పెట్టింది. సినిమా తారల పేర, గాయకుల పేర, అందాల పోటీ విజేతల పేర పేజీలు తెరవడం, లక్షల మందిని పోగేయడం, ఆపైన ఆ పేజీల్లోంచి మెల్లగా అబద్ధాలు వదలడం వాళ్ల పని. న్యూయార్క్ టైమ్స్ 2018 అక్టోబరులో ఈ గుట్టు విప్పింది. 2017 సెప్టెంబరులో మెసెంజర్‌లో తిరిగిన గొలుసు సందేశాలు మరీ దారుణం. సెప్టెంబరు 11న ముస్లింలు దాడి చేయబోతున్నారు, జాగ్రత్త అని బౌద్ధులకు ఒకటి. బౌద్ధ భిక్షువులు మీ మీదికి వస్తున్నారు, జాగ్రత్త అని ముస్లింలకు ఇంకొకటి. ఇద్దరినీ ఒకేసారి భయపెట్టారు.

ఈ సందేశాలను మా వ్యవస్థలే పట్టుకున్నాయని 2018లో ఒక ఇంటర్వ్యూలో మార్క్ జుకర్‌బర్గ్ చెప్పుకున్నాడు. యాంగూన్ (ఒకప్పటి రంగూన్) పౌరసంఘాలవాళ్లకు ఒళ్లు మండింది. మీ వ్యవస్థలంటే మేమే, ఆ సందేశాలను వెతికి పట్టుకుని మీకు పంపింది మేమే, జవాబు కోసం రోజులు కాచుకున్నదీ మేమే అని బహిరంగ లేఖ రాశారు. ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు.

బర్మా భాష చదవగల పరిశీలకులు 2015 మొదట్లో ఫేస్‌బుక్‌కు ఇద్దరు. మూడేళ్ల తర్వాత, 2018 జూన్ నాటికి, కౌలాలంపూర్‌లో ఒక కాంట్రాక్టు సంస్థ కింద అరవై మంది వరకు. కోటీ ఎనభై లక్షల ఖాతాలకు అరవై జతల కళ్లు. మయన్మార్ గడ్డ మీద మాత్రం అప్పటికీ ఒక్క ఉద్యోగీ లేడు. దానికి తోడు ఫాంట్ల బెడద. అక్కడ జనమంతా వాడేది యూనికోడ్ కాదు, జావ్‌గీ అనే సొంత పద్ధతి. అను ఫాంట్లలో కొట్టిన ఫైలును ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపించడం తెలుగు డీటీపీవాళ్లకు, పత్రికల వాళ్లకు బాగా తెలిసిన బాధే. యంత్రానికి కూడా బర్మా రాత అలాగే కనిపించింది. ఆ దేశం అధికారికంగా యూనికోడ్‌కు మారింది 2019 అక్టోబరులో. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

జరిగింది ఇది. 2017 ఆగస్టు 25న రోహింగ్యా సాయుధులు ముప్పై దాకా పోలీసు ఠాణాల మీద దాడి చేశారు. దానికి జవాబంటూ సైన్యం ఊళ్లకు ఊళ్లు తగలబెట్టింది. మొదటి నెలలోనే కనీసం 6,700 మంది హింసకు బలయ్యారని, వాళ్లలో అయిదేళ్లలోపు పిల్లలే 730 మంది అని బంగ్లాదేశ్ శిబిరాల్లో సర్వే చేసిన ‘సరిహద్దుల్లేని వైద్యులు’ సంస్థ అంచనా కట్టింది. ఈ హింసలో సోషల్ మీడియాది నిర్ణాయక పాత్ర అని 2018 మార్చిలో ఐరాస నిజనిర్ధారణ బృందం అధిపతి మార్జుకీ దారుస్మాన్ చెప్పాడు. ఆ ఆగస్టులో సైన్యాధిపతి మిన్ ఆంగ్ లయింగ్ ఖాతాతో సహా 18 ఖాతాలను, 52 పేజీలను ఫేస్‌బుక్ తీసేసింది. వాటిని అనుసరిస్తున్నవారు కోటీ ఇరవై లక్షల మందికి చేరువ. నవంబరులో, తాము తగినంత చేయలేదని కంపెనీయే ఒప్పుకుంది. అయితే 2021 సైనిక కుట్ర తర్వాత ఆ దేశపు యువత నిరసనలకు కూడివచ్చింది అదే ఫేస్‌బుక్‌లో అన్నది కూడా దాచేయాల్సిన నిజం కాదు.

భాష రాకపోవడం ఒక్కటే రోగమైతే, ఇంగ్లిష్ మాట్లాడే చోట ఇది రాకూడదు. 2024 జులై 29న ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్‌లో నాట్యం నేర్చుకునే పిల్లల మీద ఒక కుర్రాడు కత్తితో పడ్డాడు. ముగ్గురు బాలికలు చనిపోయారు. నిందితుడికి పదిహేడేళ్లే కాబట్టి పోలీసులు పేరు చెప్పలేకపోయారు. ఆ ఖాళీలోకి ఒక కల్పిత ముస్లిం పేరు వచ్చి పడింది, అతడు పడవలో వచ్చిన శరణార్థి అన్న అబద్ధంతో కలిసి. మర్నాడు సాయంత్రానికి గుంపు ఆ ఊరి మసీదు ముందుంది. నిందితుడు కార్డిఫ్‌లోనే పుట్టినవాడని తెలిసి, ఆగస్టు 1న జడ్జి పేరు వెల్లడికి అనుమతించాక కూడా అల్లర్లు ఆగలేదు. ఆగస్టు 4న రోథరమ్ దగ్గర శరణార్థులున్న హోటల్‌కు నిప్పు పెట్టబోయారు. అంతర్యుద్ధం తప్పదని ఎక్స్ యజమాని ఇలాన్ మస్క్ స్వయంగా రాశాడు. ఇక్కడ చదవగలవాళ్లకు కొదవ లేదు. చదివి ఆపాలన్న మనసు లేదు.

వ్యవధి అనే మాట దగ్గరికి మళ్లీ వస్తే, దాని విలువ ఎంతో తెలంగాణకు సొంత అనుభవం ఉంది. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో తెలుగు సందేశాలు, గొంతు రికార్డులు, ఫొటోలు ఊరూరా తిరిగాయి. ముఠా మనుషులు ఉత్తరాది నుంచి వచ్చారని, హిందీ మాట్లాడతారని వాటి సారం. అప్పట్లో దేశమంతా తిరిగిన వీడియో ఒకటుంది. బైకు మీద హెల్మెట్లతో వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. ఆ బైకువాళ్లే పిల్లాణ్ని తిరిగి తెచ్చి దింపి, అట్టముక్క మీద రాసిన హెచ్చరికను చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కత్తిరించారు. కొన్ని సెకన్ల కత్తిరింపు అంతే.

తెలియని ముఖం కనిపిస్తే కొట్టడం మొదలైంది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో మే నెలలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణాలు తీశారు. జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లిన హైదరాబాద్ కుర్రాళ్లు కొందరు బడి పిల్లలకు చాక్లెట్లు పంచారు. ఆ ఒక్క పనికి అనుమానం పుట్టింది. వాళ్ల ఫొటో వాట్సాప్ గ్రూపులో వాళ్ల కారు కంటే ముందు ప్రయాణించింది. తప్పించుకుని ముర్కి ఊరు చేరేసరికి దారి మూసి గుంపు సిద్ధంగా ఉంది. వాళ్లలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఇంటికి రాలేదు.

అదే వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఒక్కో ఊరికి ఒక్కో పోలీసును అప్పగించి, ఫోన్లోకి ఏ సందేశం వచ్చినా ముందు అతనికి చూపించమన్నారు. డప్పులతో, పాటలతో పల్లెల్లో కళాకారుల చేత చెప్పించారు. ఆధునిక సాంకేతికతకు విరుగుడుగా దండోరా పనికొచ్చిందంటే నవ్వొస్తుందేమో గానీ, ఆ జిల్లా ఊళ్లలో ప్రాణం పోలేదు. ఆ జులైలోనే వాట్సాప్ కూడా భారత్‌లో ఒక సందేశాన్ని ఒక్కసారికి అయిదు చోట్లకే పంపేలా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, బాగా చేతులు మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక చోటికే పంపగలిగేలా బిగించింది. అలాంటి సందేశాల వ్యాప్తి 70 శాతం పడిపోయిందని కంపెనీయే చెప్పింది. ఎవరి నోరూ నొక్కలేదు, ఏ మాటనూ నిషేధించలేదు. వేగం తగ్గించారు, అంతే. ఇంత తేలికైన పని చేయడానికి అంతమంది చచ్చిపోయేదాకా ఎందుకు ఆగారన్నదానికి మాత్రం జవాబు లేదు.

ఫేస్‌బుక్ పత్రాలతో 2021లో బయటికొచ్చిన మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ వల్ల తెలిసిన లెక్క ఒకటి దీనికి కొంత జవాబు చెబుతుంది. తప్పుడు సమాచారాన్ని పసిగట్టే పనికి ఫేస్‌బుక్ పెట్టే సమయంలో 87 శాతం అమెరికాకే పోయేది. ఆ దేశపు వాడకందార్లు మొత్తంలో పదో వంతు. మిగిలిన ప్రపంచమంతా 13 శాతంలో సర్దుకోవాలి, అందులోనే హిందీ, బెంగాలీ, అరబిక్, బర్మా, తెలుగు. అవే పత్రాల్లో ఒక ప్రయోగం వివరాలున్నాయి. 2019 ఫిబ్రవరిలో కంపెనీ పరిశోధకుడొకడు కేరళలోని ఒక మనిషి పేరిట ఉత్తుత్తి ఖాతా తెరిచి, యంత్రం ఏది చూపిస్తే అది చూస్తూ పోయాడు. పుల్వామా దాడి జరిగిన రోజులవి. జీవితం మొత్తంలో చూడనన్ని శవాల బొమ్మలు మూడు వారాల్లో చూశానని ఆ పరిశోధకుడు రాసుకున్నాడు. 2011 లెక్కల ప్రకారం దేశంలో 8.11 కోట్ల మంది మాతృభాష తెలుగు. ఈ భాషలో తిట్టేదేదో, దీవించేదేదో చదివి చెప్పడానికి ఒక్కో కంపెనీకి ఎంతమంది ఉన్నారని శాసనసభల్లో గానీ, పార్లమెంటులో గానీ మన సభ్యులు గట్టిగా నిలదీస్తే బాగుండేది.

ఎందుకంటే ఈ ఆటలో తెలుగువాళ్లు రెండు వైపులా ఉన్నారు. 2024 డిసెంబరులో హెచ్‌1బీ వీసాల మీద ఎక్స్‌లో లేచిన రభసలో భారతీయ ఇంజినీర్లను అన్న మాటలు, వాళ్లలో తెలుగువాళ్లెందరో ఉన్నారు కాబట్టి, ఇక్కడి తల్లిదండ్రుల ఫోన్ల దాకా వచ్చాయి. ‘మన ఉద్యోగాలు ఎత్తుకుపోయేవాళ్లు’, ‘గుంపులుగా దిగబడేవాళ్లు’. 1930లో రంగూన్ రేవులో కోరంగీల మీద వినపడిన ఆరోపణా ఇదే. డాలస్‌లోని కొడుకు గురించి బెంగపడుతూ ఆ పోస్టులను చదివే వేలే, పక్క గ్రూపులో వచ్చిన ‘రోహింగ్యాలు వచ్చి పడ్డారు’ అన్న సందేశాన్ని చదవకుండానే ముందుకు తోస్తుంది. హైదరాబాద్ బాలాపూర్ చుట్టుపక్కల బస్తీల్లో కొన్ని వేల మంది రోహింగ్యా శరణార్థులు ఏళ్ల తరబడి తలదాచుకుంటున్నారు. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో వాళ్లు కూడా ప్రచారాంశమయ్యారు. ఓటు లేనివాళ్లు కాబట్టి వాళ్ల తరఫున మాట్లాడాల్సిన అవసరం ఏ పార్టీకీ కనిపించలేదు.

కంపెనీలు నేర్చుకున్నాయా అంటే, 2025 జనవరి 7న ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అమెరికాలో బయటి సంస్థలతో చేయించే నిజనిర్ధారణకు స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. వలసల గురించి ఏమనవచ్చో ఏమనకూడదో చెప్పే నిబంధనలను కూడా సడలించింది. ఈ సడలింపు ఏ భాషలో ఎలా పనిచేస్తుందో తెలియడానికి మళ్లీ ఏ విచారణ సంఘమో రావాలి. ఇథియోపియా విషయంలో అలా తెలిసే ప్రయత్నమే జరుగుతోంది. టిగ్రే యుద్ధకాలంలో, 2021 నవంబరులో, ప్రొఫెసర్ మిఆరెగ్ అమారెను ఇంటి ముందే కాల్చి చంపారు. ఆయన పేరూ, ఫొటోతో అంతకు ముందు ఫేస్‌బుక్‌లో వచ్చిన పోస్టులను తీసేయమని ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా వినలేదన్నది కొడుకు వాదన. కెన్యాలోని నైరోబీ కోర్టులో ఆ దావా విచారించదగ్గదేనని 2025 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది.

రోహింగ్యాల దావాలు కూడా ఉన్నాయి. 2021 డిసెంబరులో కాలిఫోర్నియాలో వేసినదాంట్లో అడిగిన పరిహారం 15 వేల కోట్ల డాలర్లు. ఆ అంకె పత్రికల్లో పతాక శీర్షికలకెక్కింది. దానికంటే చిన్న అర్జీ ఇంకొకటి పెద్దగా ఎవరి కంటా పడలేదు. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో పెరుగుతున్న రోహింగ్యా యువకులు, తమకు జరిగిన నష్టానికి బదులుగా శిబిరం పిల్లల చదువు కోసం పది లక్షల డాలర్లు ఇవ్వమని ఫేస్‌బుక్‌ను అడిగారు. కంపెనీ 2021 రాబడితో పోల్చి చూస్తే అది అయిదు నిమిషాల ఆదాయం కంటే తక్కువ. దాతృత్వ కార్యక్రమాలను తాము నేరుగా చేపట్టబోమని కంపెనీ జవాబిచ్చింది. పరిహారంగా అడిగినదానికి దాతృత్వమని పేరు పెట్టింది కంపెనీయే.